వండిన చేతికి వడ్డన

గృహమున ప్రతిదినమును జరుగు పనులలో వంటకంటె పెద్దది లేదు. దానికంటె తక్కువగా మెచ్చబడునదియు లేదు. పండుగనాటి పిండివంటలను గూర్చి యందఱును ముచ్చటింతురు. ఏడాది పొడవునను కడుపు నింపు రొట్టెను, గట్కను, పచ్చిపులుసును, చల్లను గూర్చి మాటాడువా రరుదు. కావున, సోదరీమణులారా, గోదావరికి దక్షిణముననున్న కరీంనగరు సీమయందును, ఉత్తరముననున్న ఆదిలాబాదు సీమయందును మన యిండ్లలో సాగు నిత్యపు వంటను, వేసవి పానీయములను, వడ్డన మర్యాదలను కొంత ముచ్చటించి, చివరకు వండినవారి భోజనమును గూర్చి యొక్కమాట విన్నవించుకొనెదను. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలును విభజింపబడి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమురంభీం ఆసిఫాబాదు మొదలగు క్రొత్త జిల్లాలు వెలసినవి. జిల్లాలు వేఱైనను పొయ్యిమీది యాచారము మాత్రము వేఱుపడలేదు.

నిత్యపు వంట

ఒకప్పుడు ఈ సీమయందు జొన్నయు మక్కయు పేదవారి కూడు. వరియన్నము పండుగనాటి భోజనము. 1963లో పోచంపాడువద్ద గోదావరిపై శ్రీరామసాగరమునకు శంకుస్థాపన జరిగి, కొన్నియేండ్లకు కాకతీయ కాలువలో నీరు పాఱిన పిమ్మట, కరీంనగరు మాగాణములలో వరి విస్తరించినది. అన్నము ప్రతియింటను సమృద్ధిగా దొరకుట సంతోషమే. కాని దానితోపాటు జొన్నరొట్టె తట్టు నేర్పు మన కూతుండ్ర చేతులనుండి జాఱిపోవుచున్నది. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినప్పుడు పట్టణములవారు క్రొత్తవింతగా కొనుక్కొన్న ధాన్యము మన అవ్వలు దినమును వండినదే.

జొన్నరొట్టె విరిగిపోవుచున్నదని పలువురు దానిని మానివేయుదురు. జొన్నపిండిలో గోధుమపిండికివలె సాగెడు జిగి లేదు. అందుచే చన్నీటితో తడిపినచో అంచులు పగులును. నీటిని బాగుగా తెర్లించి, పిండినడుమ గుంటచేసి పోసి గరిటెతో కలుపవలెను. చేయి పట్టగలిగినంత వేడికి దిగగానే అరచేతితో నొత్తి మెత్తగా మర్దింపవలెను. వేడినీటికి పిండి యుబ్బి బంకవలె పట్టుకొనును. ఒక్కొక్క తూరి రెండు రొట్టెలకు చాలినంతయే తడుపుకొనుట మేలు. పొడిపిండి చల్లిన పీటపై తట్టుచు త్రిప్పుచు పలుచన చేసి, కాగిన పెనముపై వేసిన వెంటనే పైభాగమున తడిచేతితో నీరు రాయవలెను. ఆ తడి యాఱినపిమ్మట త్రిప్పివేసినచో రొట్టె పొంగును. పిండి పాతబడినకొలది జిగి తగ్గును గావున గిర్నీలో కొంచెముకొంచెముగానే పట్టించుకొనవలెను.

గట్కకు ఈపాటి నేర్పును అక్కఱలేదు. మక్కలనుగాని జొన్నలనుగాని రవ్వగా పట్టించి, కడిగి, ఒకపాలు రవ్వకు నాలుగుపాళ్లు నీరు తెర్లించి ఉప్పువేసి, రవ్వను సన్నధారగా పోయుచు కలియబెట్టవలెను. ఒక్కమారుగా పోసినచో ఉండలు కట్టును. మూతపెట్టి సన్నని సెగపై మగ్గనిచ్చి, వేడిగా పప్పుతోగాని పుంటికూరతోగాని, చల్లారినపిమ్మట చల్లతోగాని తినవచ్చును. ఉదయమున తొమ్మిది గంటలకే బడికిని పనికిని పోవువారున్న యిండ్లకు ఇది మిక్కిలి యనుకూలము.

సాయంకాలమున పిల్లలకు సర్వపిండి మంచిది. దీనిని కొందఱు గిన్నెప్ప యందురు. బియ్యపుపిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, తఱిగిన ఉల్లిగడ్డ, కల్యామాకు, కారము, ఉప్పు చేర్చి గట్టిగా కలుపుకొని, నూనె రాసిన గిన్నెలోపల అడుగునను ప్రక్కలను పలుచగా నద్దవలెను. వ్రేలితో అక్కడక్కడ రంధ్రములు చేసి వానిలో నూనెచుక్కలు వేసి, మూతపెట్టి సన్నసెగపై కాల్చవలెను. మొదటి వాయి తీసినపిమ్మట గిన్నెను బోర్లించి వెనుక నీళ్లు పోసి చల్లార్చనిదే రెండవ వాయి అద్దరాదు. వేడిగిన్నెకు పిండి అంటుకొనదు సరిగదా చేయి కాలును.

వేసవిలో పొయ్యిదగ్గఱ నిలుచుకాలమును తగ్గించు వంటకము పచ్చిపులుసు. నిమ్మకాయంత చింతపండును నానబెట్టి పిసికి మూడుగ్లాసుల నీటిలో కలిపి, నిప్పులపైగాని మంటపైగాని కాల్చిన పచ్చిమిరపకాయలను ఉప్పుతో నలిపి చేర్చవలెను. సన్నగా తఱిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, కొలదిగా బెల్లము, వేయించి పొడిచేసిన నువ్వులు కలిపి పైన పోపు పెట్టినచో చాలును. పులుసు కాగనక్కఱలేదు. మధ్యాహ్నపు వంటకు దీనిని జతచేసికొన్నచో ఎండముదురకముందే పొయ్యి ఆర్పవచ్చును. కంది పప్పును రాత్రియే నానవేసినచో ఉదయమున సగము కాలమునకే యుడుకును, వంటగ్యాసును మిగులును.

వేసవి దాహము

మే మాసమున ఈ సీమలో ఎండ 45 డిగ్రీలను దాటు దినములు తఱచుగా వచ్చును. బొగ్గుగనుల నెలవైన రామగుండము ప్రాంతపు వేడిమిని గూర్చి వినని వారుండరు. వీధిలో ఎండకు తిరుగువారిని గూర్చి మనము జాగ్రత్త పడుదుము. రేకులకప్పు క్రింద పొయ్యియొద్ద రెండుగంటలు నిలుచు స్త్రీకి నీళ్లిచ్చువా రుండరు. వంట ఆరంభించుటకు ముందొక గ్లాసు, ముగించినపిమ్మట నొక గ్లాసు నీరు త్రాగుట వంటలో భాగమే యని యెంచుకొనుడు.

నీటికి మట్టి రంజనును మించినది లేదు. దాని సన్నని రంధ్రములలోనుండి నీరు బయటికి చెమర్చి గాలికి ఆవిరియగునప్పుడు లోపలి వేడిని తీసికొనిపోవును, నీరు చల్లబడును. అందుచే రంజనును గాలివీచు నీడలో నిసుకపై నుంచవలెనుగాని మూలగదిలో నుంచరాదు. వారమున కొకటి రెండుసారులు లోపల తోమి కడుగవలెను. చేయి ముంచక, పొడవు కాడగల ముంతతోనే నీరు తీయవలెను. ఈ యొక్క నియమము వలన పిల్లలకు వచ్చు విరేచనములు పెక్కు తప్పును.

ఇక అంబలి. జొన్నపిండినిగాని తైదలపిండినిగాని నాలుగు చెంచాలు గ్లాసెడు నీటిలో రాత్రి కలిపి మూతవేసి యుంచినచో తెల్లవాఱువఱకు కొంచెము పులియును. దానిని మూడుగ్లాసుల తెర్లెడు నీటిలో పోసి ఉండకట్టకుండ కలియబెట్టి, పది నిమిషములు ఉడికించి చల్లార్చి, చల్లయు ఉప్పును ఉల్లిగడ్డయు చేర్చి త్రాగవలెను. పులియబెట్టుట రుచికొఱకు మాత్రమేకాదు. ధాన్యములలోని ఫైటికామ్లము ఇనుమును మన యొడలికి పట్టనీయదు. పులిసినప్పుడు ఆ యామ్లము కొంత నశించును. మన పెద్దలు దానిపేరెఱుగకున్నను దానికి విరుగుడు చేసియే యున్నారు.

రాత్రియన్నమున నీళ్లుగాని చల్లగాని పోసియుంచిన చద్ది కూడ ఇట్టిదే. పోతన భాగవతమున, యమునాతీరమున శ్రీకృష్ణుడు గోపబాలుర నడుమ గూర్చుండి చద్ది యారగించిన ఘట్టమును ఎఱుగని తెలుగు స్త్రీ లేదు. ఎడమచేత పెఱుగన్నపు ముద్దయు, వ్రేళ్లసందున ఊరగాయలును పట్టుకొని, తోడివారిని నవ్వించుచు దేవుడే తినిన భోజనమును మనము హీనముగా చూచుట తగదు. అయితే మన వేసవి యధికము. రాత్రి వండిన యన్నము చల్లారగానే నీరుపోసి, ఉదయము ఎండ యెక్కకముందే తినివేయవలెను. జిగురుగా సాగినను, దుర్గంధము వచ్చినను పాఱవేయుటకు సందేహింపరాదు.

ఉగాది పచ్చడిని ఇతర ప్రాంతములలో చేతిలో నుంచుకొని నాకుదురు. మన యిండ్లలో క్రొత్తకుండలో చింతపండు పులుసును బెల్లమును మామిడికాయముక్కలును వేపపువ్వును కలిపి పలుచగా చేసి గ్లాసులతో త్రాగుదుము. శ్రీరామనవమికి పానకము. ఎండకాలపు వాకిటనే ఈ రెండు పండుగలును రెండు పానీయములను చూపుచున్నవి.

వాంతులును విరేచనములును పట్టినవారికి ఈ పానీయములు చాలవు. దుకాణమున ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకినచో దానిపై వ్రాసిన కొలతప్రకారము కలుపుడు. దొరకనిచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో చదునుగా కొలిచిన చిన్నచెంచాలు 6 చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు కలిపి మాటిమాటికి కొంచెముకొంచెముగా త్రాగింపవలెను. కొలత మీఱరాదు, ఉప్పు హెచ్చినచో పిల్లలకు ప్రమాదము. 1971లో బంగ్లాదేశ యుద్ధకాలమున, పశ్చిమ బెంగాలులోని బనగావ్‌వద్ద శరణార్థులలో కలరా ప్రబలి, నరముల కెక్కించు మందునీరు చాలకపోయినప్పుడు, డాక్టరు దిలీప్ మహలనాబిస్ ఇట్టి చక్కెరయుప్పుల నీటిని నోటిద్వారా త్రాగించి వేలమందిని కాపాడిరి. అచ్చట చెంచాతో త్రాగించినవారిలో రోగుల తల్లులును బంధువులునే పెక్కురు. గృహిణి చేతి కొలత ఎంతటిదో దీనివలన తెలియును.

ఎండదెబ్బ తగిలి ఒడలు కాలుచు, మాట తడబడుచు, స్పృహ తప్పుచున్నవారికి ఏ పానీయమును నోట పోయరాదు. నీడకు చేర్చి, ఒడలు తడిపి విసరుచు, 108కు ఫోనుచేసి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

వడ్డన మర్యాద

మన అడవులలో మోదుగ విస్తారము గనుక మోదుగాకు విస్తరి మన విందులకు అలంకారమైనది. పుల్లలతో కుట్టిన యాకులను నీటితో కడిగి తుడిచి వేయవలెను. పుల్లముక్కలు అన్నములో కలియకుండ ఒకమారు చేతితో తడవి చూచుట ముఖ్యము. పులుసునకు దొప్ప నుంచవలెను. తినినపిమ్మట నేలలో కలిసిపోవు ఈ యాకును విడిచి, వేడిపులుసు పోయగా మెత్తబడు ప్లాస్టిక్కు పళ్లెములను వాడుటలో నాగరకత యేమియు లేదు.

కూర్చుండకముందే అందఱకును చేతులు కడుగుకొనుటకు నీరును సబ్బును చూపవలెను. విస్తరి పైభాగమున కూరలును ఊరగాయయు, నడుమ నన్నమును వడ్డించి, పప్పు, పులుసు, చివర పెఱుగో చల్లయో పోయుట మన క్రమము. ఎంగిలిచేతితో గరిటె పట్టరాదనుట మన పెద్దల నియమములలోకెల్ల మేలైనది. దానిని మాత్రము ఎన్నడును విడువరాదు.

వడ్డించుటలో రెండు తప్పులు కలవు. వద్దన్నను కుమ్మరించుట యొకటి. అడుగువఱకు చూడకుండుట రెండవది. కొంచెము వడ్డించి, విస్తరి సగము ఖాళీయగునప్పుడు మరల వచ్చుట మర్యాద. ఆహారమును నిందింపరాదని తైత్తిరీయోపనిషత్తు విధించినది. ఆ మాట తినువారికే కాదు. తినలేనంత వడ్డించి పాఱవేయించువారికిని వర్తించును. షుగరువ్యాధి గల యతిథికి తీపిని బలవంతపెట్టుట ప్రేమ కాదు. తినువారును ఉప్పు చాలదని నలుగురిలో కేకవేయక, మెల్లగా నడిగి వేసికొనుట మేలు. భోజనము ముగిసినపిమ్మట, “బాగున్నది” యను చిన్నమాటను పిల్లలకు నేర్పుడు. ఆ మాటకు ఖర్చు లేదు.

భోజనమైన వెంటనే చాయ ఇచ్చు నలవాటు మన యిండ్లలో ప్రబలినది. చాయపత్తిలోని వగరు భోజనములోని ఇనుమును పట్టనీయదు. గంట యెడము పెట్టుడు. దానికి మాఱుగా అన్నముతోపాటు నిమ్మరసము పిండుకొన్నచో ఆకుకూరలలోని ఇనుము బాగుగా పట్టును.

కడపటి విస్తరి

ఇప్పుడు నేను విన్నవింపదలచిన మాట. పురుషులకును పిల్లలకును అతిథులకును వడ్డించి, అత్తమామలు తినినపిమ్మట, గిన్నెల అడుగున మిగిలినదానితో కూర్చుండు స్త్రీకి ఏమి మిగులును? అన్నము మిగులును, పులుసునీరు మిగులును, పప్పు అడుగంటును, కూర అయిపోవును. ఇనుమును మాంసకృత్తులును ఉన్నవి పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసములలోనేకదా! అవియే ముందుగా నయిపోవును. ఆమె ఊరగాయతో తిని లేచును. దీనిని త్యాగమని మెచ్చుకొందుము.

ఈ మెప్పునకు వెల యున్నది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్లవఱకు గల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. అనగా చెఱువుకట్టపై బతుకమ్మ యాడు పదిమందిలో అయిదుగురికి పైగా రక్తము చాలనివారే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన లెక్కప్రకారము పురుషునకు దినమునకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలును. స్త్రీకి 29 కావలెను. ఎక్కువ కావలసినవారికి తక్కువ మిగులునట్లు మన వడ్డన యేర్పడినది. ఆయాసము, తలతిరుగుడు, కాళ్లపీకులు ఆడుదానికి సహజమని సరిపెట్టుకొనుచున్నాము. అవి సహజములు కావు. ఆకలికి మఱొక పేరు.

కొందఱు ద్రౌపదిని చూపుదురు. సూర్యుడిచ్చిన యక్షయపాత్ర ద్రౌపది భుజించువఱకు తఱుగదు. ఆమె అందఱకును పెట్టి కడపట తినెడిది. నిజమే. కాని ఆ పాత్ర ఎందఱు తినినను తఱుగనిది గనుక ఆమె పాలునకు లోటు రాలేదు. మన గిన్నె అక్షయపాత్ర కాదు. కడపట తినుటను మాత్రము ద్రౌపదినుండి నేర్చుకొని, పాత్రను మఱచితిమి.

శాస్త్రము చెప్పినదని మఱికొందఱందురు. మనుస్మృతి మూడవ యధ్యాయమున క్రొత్తకోడండ్రకును, కన్యలకును, రోగులకును, గర్భిణీస్త్రీలకును అతిథులకంటెను ముందుగానే, సందేహింపక భోజనము పెట్టవలెనని యున్నది. ఆ యధ్యాయముననే, అందఱును తినినపిమ్మట మిగిలినదానిని దంపతు లిరువురును తినవలెనని చెప్పబడినది. భార్య యొక్కతెయే యనలేదు. అదే గ్రంథమున వేఱొకచోట భార్యతో గూడి భుజింపరాదను మాటయు నున్నది; దానిని నేను దాచను. కాని మూడవ యధ్యాయములోని మాటను మఱచి దీనినొక్కదానినే జ్ఞప్తియందుంచుకొనుట న్యాయమా? గర్భిణికి అతిథికంటె ముందు పెట్టుడని చెప్పిన శాస్త్రమును ఏ యింట పాటించుచున్నారు?

ఈ సంగతి నెఱిగియే కాబోలు, 2015 జనవరిలో తెలంగాణ ప్రభుత్వము ఆరోగ్యలక్ష్మి పేర గర్భిణులకును బాలింతలకును పాలు, గుడ్డుతోకూడిన పూర్ణభోజనమును ఏర్పాటుచేసినప్పుడు, దానిని అంగన్‌వాడీలోనే కూర్చుండి తినునట్లు నియమించినది. ఇంటికి తీసికొనిపోయిన గుడ్డు తల్లి నోటికి చేరదు. ఏ తల్లికైనను ఈ మాట విప్పి చెప్పనక్కఱలేదు.

చేయదగినది పెద్దది కాదు. వడ్డన ఆరంభింపకముందే వండినవారి పాలును మూతగల గిన్నెలో తీసిపెట్టుడు. అన్నము మాత్రము కాదు, పప్పును కూరయు గుడ్డును. దేవునికి నైవేద్యము తీసిపెట్టుట ఎఱిగిన చేతికి ఇది క్రొత్తపని కాదు. కోడలి పాలును అత్తగారు తీసిపెట్టినచో ఆ యింట మాటపట్టింపు పుట్టదు. పెద్దవారికి వడ్డించి కూర్చుండవలెనన్న, గిన్నెలు నడుమనుంచుకొని అందఱును ఒక్కమారే తినవచ్చును. కావలసినది ఎవరికి వారు వేసికొనవచ్చును. ఏడేండ్ల బాలుడైనను నీళ్లు పోయగలడు.

వారమున రెండు మూడు దినములు తోటకూర, గంగవాయిలికూర, చింతచిగురు, పుంటికూరలలో నొకటి వండుడు. నువ్వులును బెల్లమును ఇంట నుంచుడు. ఉట్నూరు ప్రాంతపు ఆదివాసీ సోదరీమణులు సంఘముగా గూడి ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముచున్నారు. సారాకు మాత్రమే పనికివచ్చునని లోకము తలచిన పువ్వును వారు ఆహారముగా నిలిపినారు. ఆయాసమును తలతిరుగుడును వదలనివారు ఇంటివైద్యముతో ఆగక ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకొని, డాక్టరు చెప్పినచో ఇనుపమాత్రలు వాడవలెను.

మన సీమలో స్త్రీలు కడపట తినని దినము ఒకటి కలదు. సద్దుల బతుకమ్మనాడు బతుకమ్మను నీట విడిచి, చెఱువుగట్టున గుంపుగా గూర్చుండి, పెఱుగుసద్ది, నువ్వులసద్ది, పులిహోర, మలీద ఒకరికొకరు పంచుకొని తిందురు. ఆనాడు ఎవరి పాలు ఎవరికిని తక్కువకాదు; తల్లి తినలేదని ఏ బిడ్డయు అనుకొనదు. ఏటికొకనాడు చెఱువుగట్టున సాగు ఈ మర్యాదను దినమున కొకమారు మన వంటయింటికి తెచ్చుకొనుటకు డబ్బక్కఱలేదు, ఎవరి యనుమతియు నక్కఱలేదు. రేపటి వంట దింపగానే మొదటి గరిటె ఆ మూతగిన్నెలో వేయుడు. పిమ్మట తక్కినవారిని భోజనమునకు పిలువుడు.